తెర పట్టిన చెయ్యి

భీమునిపట్నంలో నాగభూషణం మేష్టారిని ప్రశ్న అడగాలంటే ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం కాగానే ఆయన ఆరిన బట్టలు భుజాన వేసుకుని అరుగు మీదికి వచ్చేవారు. పొడుగాటి పంచె ఒక్కడి వల్ల మడతకి రాదు కాబట్టి, అడగదలచినవాడు ముందు రెండో కొస పట్టుకోవాలి. పంచె మడత పడేలోగా ప్రశ్న పూర్తి కావాలి. అంతకంటే పొడుగైతే అది ప్రశ్న కాదు, ఉపన్యాసం అనేవారు ఆయన. జవాబు మాత్రం సూటిగా చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఎక్కడో ఎవరికో జరిగిన చిన్న సంగతి ఒకటి ఎత్తుకునేవారు. శాస్త్రం వినాలని వచ్చినవాళ్ళు కొందరు, ఇదేం గురుత్వమయ్యా బట్టలు మడతపెట్టించుకోడానికి పిలిచినట్టుంది అని మర్నాటినుంచి మానేసేవారు. మానెయ్యనివాళ్ళలో ఉమాపతి ఒకడు.

ఆ రోజు ఉమాపతి కొస పట్టుకుని నోరు తెరిచాడు. తెరిచాక ఆపలేకపోయాడు.

"మేష్టారూ, నాకు కీడు చేసినవాళ్ళ మంచి కోరడం మీ దగ్గర చేరాక కొంత అలవాటైంది. కానీ నాకు మేలే తప్ప కీడెరగని స్నేహితుడు ఒకడున్నాడు. వాడి మంచి మాత్రం కోరలేకపోతున్నాను. వాడికేదైనా కలిసొచ్చిందని వింటే ఆ పూట అన్నం సయించదు. శత్రువుని క్షమించగలిగాను, మరి స్నేహితుణ్ణి ఎందుకు క్షమించలేకపోతున్నాను?"

చెబుతూ చెబుతూ చేతిలోది వదిలేశాడు. పంచె అంచు నేలకి తగిలింది.

"కొస వదలకు," అన్నారు మేష్టారు. దులిపి మళ్ళీ అందించారు. "రేపు రానన్నావు, ఎక్కడికేమిటి?"

ఉమాపతి తల దించుకున్నాడు. "వాడిదేనండి, గృహప్రవేశం. వెళ్ళకుండా ఉండడానికి ఏం సాకు చెప్పాలా అని చూస్తున్నాను."

మేష్టారు మడత పూర్తి చేసి, పంచె పక్కన పెట్టి, ఇంకా మడవాల్సిన బట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

విజయనగరంలో పైడిరాజు, జోగారావు అని ఇద్దరు స్నేహితులు ఉండేవారు. ఒకే వీధి, ఒకే బడి, ఒకే సైకిలు. ఆ సైకిలు పైడిరాజుది. తొక్కేది పైడిరాజు, వెనక కూర్చుని పాటలు పాడేది జోగారావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. జోగారావుకి మాత్రం ఊళ్ళో వాళ్ళందరూ అడక్కుండానే పెట్టేవారు. బస్సెక్కితే ఎవరో ఒకరు జరిగి చోటిచ్చేవారు. పరీక్షలో పైడిరాజు చదివింది ఏదీ వచ్చేది కాదు, జోగారావు చదివిన కాస్తా వచ్చేది. ఇద్దరూ ఒకే ఉద్యోగానికి దరఖాస్తు పెడితే జోగారావుకి వచ్చింది. పైడిరాజు ఎరువుల కొట్లో బిల్లులు రాసుకుంటూ ఉండిపోయాడు. ఇన్ని జరిగినా పైడిరాజు ఎన్నడూ పైకి అనలేదు. అనడానికి కారణం దొరికితేగా! జోగారావు జీతం వచ్చిన రోజు మొదటి కాఫీ వీడికి తాగించాకే ఇంటికి వెళ్ళేవాడు. అంత మంచివాణ్ణి తిట్టుకోవాలంటే మనిషి ఒంటరిగా తిట్టుకోవాలి. పైడిరాజు అదే చేసేవాడు.

వాడికంటూ మిగిలింది ఒక్కటే, కెమెరా. మేనమామ వాడి వదిలేసిన పాతది. రీళ్ళ కెమెరాల రోజులవి. సెలవు రోజుల్లో కోట గోడల్నీ, గంటస్తంభాన్నీ, చెరువు గట్టునీ తీసుకుంటూ ఉండేవాడు. రీలు ఖరీదు కాబట్టి ఒక్కో ఫొటోకీ పావుగంట ఆలోచించేవాడు. కోట గోడలు కదలవు కాబట్టి అది చెల్లింది. కెమెరా జోలికి జోగారావు ఎప్పుడూ రాలేదు. అందుకే అదంటే పైడిరాజుకి ప్రాణం.

ఇలా ఉండగా జోగారావుకి గజపతినగరం సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకి పైడిరాజు కూడా తోడు వెళ్ళాడు. బస్సులో జోగారావు ఒకటే బెంగ పడుతూంటే, ధైర్యం చెప్పడానికి పైడిరాజు ఒక మాటన్నాడు.

"ఒరే, పిల్లని అడగడానికేటి ఉంటాదిరా? పరీక్ష రాసేది నువ్వు. పేపరు దిద్దేది ఆ అమ్మాయి."

జోగారావు పగలబడి నవ్వాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు పైడిరాజు. తీరా అక్కడ పెళ్ళికూతురి పెదనాన్న, "అబ్బాయి ఏమైనా అడుగుతాడా?" అన్నప్పుడు, జోగారావు కాఫీ గ్లాసు కింద పెట్టి ఆ మాటనే తన మాటగా చెప్పేశాడు. గడప దగ్గర తల వంచుకు కూర్చున్న పిల్ల, కుసుమ, ఆపుకోలేక నవ్వింది. పెద్దవాళ్ళూ నవ్వారు. సంబంధం ఆ నవ్వుతోనే కుదిరిపోయిందని తరవాత అందరూ చెప్పుకున్నారు.

పైడిరాజుకి మాత్రం ఆ నవ్వు గుండెలో ముల్లులా ఉండిపోయింది. కుసుమ మీద వాడికి ఏ ఆశా లేదు. ఆమె ఎవరో కూడా తెలీదు. కానీ ఆ నవ్వు తనది. ఉద్యోగం పోయింది, మార్కులు పోయాయి, పోనీ అనుకున్నాడు. తన నోట్లోంచి వచ్చిన మాటకి రావలసిన నవ్వు కూడా జోగారావు ఖాతాలోనే పడిందేమిటి? కొట్లో యూరియా బస్తాలు లెక్క రాస్తున్నా ఆ నవ్వే వినిపించేది.

రెండు ఇళ్ళూ తాహతు తక్కువవే. పందిరీ, భోజనాలూ, మేళం అనుకునేసరికే చేతులు తడుముకునే పరిస్థితి వచ్చింది. స్టూడియోవాళ్ళు చెప్పిన ధర విని జోగారావు తిన్నగా ఎరువుల కొట్టుకి వచ్చాడు.

"పైడీ, రీళ్ళు నేను కొంటాను. ఫొటోలు నువ్వు తియ్యాల."

"నేను గోడలు తీస్తానురా. మనుషుల్ని తియ్యలేదు ఎప్పుడూ."

"నన్ను గోడే అనుకో. మరొకడెవడో వచ్చి నా పెళ్ళి తీయడమేటి, నువ్వుండగా?"

ఒప్పుకోక తప్పలేదు. ఇలా వాడి చివరి ఆస్తి కూడా జోగారావు పెళ్ళి పనుల్లోకి చేరిపోయింది.

పెళ్ళి గజపతినగరంలో ఆడపిల్లవారి ఇంటిముందు తాటాకు పందిట్లో. పైడిరాజు ఎక్కడో అడిగి తెచ్చుకున్న ఫ్లాషు ముసలిది. ఒకసారి మెరిశాక మళ్ళీ మెరవడానికి సన్నగా కూతపెడుతూ బలం పుంజుకునేది. దాని వెనక చిన్న ఎర్రదీపం వెలిగితేగానీ ఇంకో ఫొటో తీయడానికి లేదు. రీళ్ళు కొద్దివి, కార్యక్రమాలు బోలెడు. ఒక్కోదానికి ఒకటో రెండో ఫొటోలు, అంతే. తప్పితే మళ్ళీ తీసే వీలు లేదు. ఆ రెండిళ్ళవాళ్ళకీ ఈ పెళ్ళి గుర్తుగా మిగిలేవి ఆ నాలుగు ఫొటోలేనని పైడిరాజుకి బాగా తెలుసు.

మొదటిది నిజంగా పొరపాటే. ఎదురుకోలులో జోగారావు జీపు దిగుతూ, మెడలో దండ పువ్వు ముక్కుకి తగిలి తుమ్మాడు. సరిగ్గా అప్పుడే పైడిరాజు మీట నొక్కాడు. ఫ్లాషు మెరిసింది. అయ్యో అనుకోబోయాడు. కానీ అయ్యో అనిపించలేదు. మండుటెండలో మజ్జిగ తాగినంత చల్లగా అనిపించింది. ఎన్నేళ్ళ నుంచో వికారంగా కనబడడం తెలియని ఆ మొహం ఒక్కసారి, ఒక్క క్షణం, వికారంగా తన పెట్టెలోకి వచ్చి కూర్చుంది.

రెండోసారి వేలు తనంతట తానే ఆగింది. పెళ్ళికూతురి తండ్రి అల్లుడి కాళ్ళు కడుగుతున్నాడు. జోగారావు మొహం వినయంతో, సిగ్గుతో ఎంతో బాగుంది. ఎర్రదీపం వెలిగే ఉంది. పైడిరాజు ఆగాడు. పంతులు గారు ఏదో అందుకోడానికి వంగి, ఆయన మోచెయ్యి జోగారావు సగం మొహానికి అడ్డు వచ్చేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు. పక్కనున్నవాళ్ళెవరో, "తీసీసేవా బాబూ?" అని అడిగితే, "దీపం వెలగలేదండి, ఇప్పుడే వెలిగింది," అన్నాడు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో వాడికే ఆశ్చర్యం వేసింది.

ఇక అక్కణ్ణుంచి అదే వరస. మిగిలినవాళ్ళందరినీ కళ్ళకద్దుకునేట్టు తీశాడు. గౌరీపూజలో కూర్చున్న కుసుమని, పళ్ళు లేని నోటితో నవ్వుతున్న ఆమె మామ్మని, పొయ్యి పొగలో కళ్ళు తుడుచుకుంటున్న వంటాయన్ని, కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్న జోగారావు తల్లిని. జోగారావు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలు కాచుకుని కూర్చునేది. వాడు ఆవులించబోతున్నాడని ముందే తెలిసేది. కళ్ళు ఎప్పుడు మూస్తాడో, పొగకి మొహం ఎప్పుడు చిట్లిస్తాడో, చిన్నప్పటినుంచి చూసిన మొహం కాబట్టి, వాడికంటే ముందు వీడికి తెలిసిపోయేది.

ముహూర్తం దగ్గరపడింది. పెళ్ళికూతుర్ని తీసుకొచ్చి జోగారావు ఎదురుగా కూర్చోబెట్టారు. మధ్య అడ్డుతెర పట్టాలి. ఒక కొస కుసుమ మేనమామ పట్టుకున్నాడు. రెండో కొస పట్టాల్సిన జోగారావు పెదనాన్న కొడుకు కనబడడు. ఐసు దిమ్మలకని బజారుకి పంపితే ఇంకా రాలేదట.

"ఎవరో ఒకరు పట్టండయ్యా, ఘడియలు దగ్గర కొచ్చీసేయి," అన్నారు పంతులు గారు.

"మా పైడి పడతాడండి," అన్నాడు జోగారావు.

"ఫొటోలు తీసే బాబా? మరి ఫొటోలో?"

"రెండో చేత్తో తీసీగలడండి. వాడు నా పెళ్ళికి తెర పట్టకపోతే ఇంకెవడు పడతాడు?"

పందిట్లో అందరూ నవ్వారు. పైడిరాజుకి ఒళ్ళు మండింది. సైకిలు తొక్కింది నేనే, మాట చెప్పింది నేనే, ఇప్పుడు వీడికీ ఆ నవ్వుకీ మధ్య గుడ్డ పట్టుకుని నిలబడే భాగ్యం కూడా నాదేనా అనుకున్నాడు. అంతమంది ముందు కాదనలేక, కెమెరా మెడలో వేలాడుతూండగా ఎడమచేత్తో తెర కొస పట్టుకున్నాడు. ఫ్లాషు ఊడదీసి సంచీలో పడేశాడు. ఒక చేత్తో ఆ బరువు మొయ్యలేడు మరి.

తెర పట్టుకున్నవాడికి ఒక సౌకర్యం ఉంది. పెళ్ళికొడుక్కి పెళ్ళికూతురు కనబడదు. పెళ్ళికూతురికి పెళ్ళికొడుకు కనబడడు. పందిట్లో కూర్చున్నవాళ్ళకి ఎవరో ఒకరే కనబడతారు. కొస పట్టుకున్నవాడు మాత్రం ఇద్దర్నీ చూడగలడు. పైడిరాజు చూశాడు. ఈ పక్క కుసుమ, బాసికం కింద కళ్ళు దించుకుని, తమలపాకులో జీలకర్ర బెల్లం పట్టుకుని కదలకుండా ఉంది. ఆ పక్క జోగారావు. వాడి అరచేతిలో బెల్లం చెమటకి కరిగి మణికట్టు మీదికి కారుతోంది. పెదవులు ఎండిపోయాయి. అన్నీ అడక్కుండా దొరికినవాడి మొహం అలా ఉంటుందని పైడిరాజు ఎన్నడూ అనుకోలేదు.

జోగారావు తల పైకెత్తాడు. తెర వైపు కాదు, తెర పట్టుకున్నవాడి వైపు.

"ఒరే, నాకు బయ్యమేస్తందిరా," అన్నాడు మెల్లిగా.

ఆ క్షణంలో పైడిరాజుకి చేతనైంది ఒక్కటే. తెర జారకుండా పిడికిలి బిగించాడు. పంతులు గారు గట్టిమేళం అని కేకేశారు. డోలు, సన్నాయి ఒక్కసారి లేచాయి. ఇద్దరి చేతులూ ఒకరి తల మీదికొకరివి వెళ్ళాయి. ఫొటో తియ్యాలని అప్పుడు గుర్తొచ్చింది. ఎర్రదీపం లేదు, కన్ను ఆనించి చూసే వీలు లేదు, కాచుకునే వ్యవధి లేదు. కుడిచేత్తో కెమెరా పొట్ట దగ్గరే ఎత్తి గుడ్డిగా నొక్కేశాడు. మరుక్షణం తెర తీసేయమన్నారు, తీసేశాడు. అక్షతలు వానలా పడ్డాయి.

అంతటితో పైడిరాజు మారిపోయాడని చెబితే కథకి బాగానే ఉంటుంది. మారలేదు. చేతులు రెండూ ఖాళీ అయ్యాయి, ఫ్లాషు మళ్ళీ తగిలించుకున్నాడు, వేలు మళ్ళీ కాచుకుంది. మంగళసూత్రం కడుతూ ముడి పడక జోగారావు నాలిక కరుచుకుంటే అప్పుడు నొక్కాడు. తలంబ్రాల బియ్యం కంట్లో పడి మొహం వంకర తిరిగితే అప్పుడు నొక్కాడు.

రీళ్ళు కడిగించి ప్రింట్లు తెచ్చుకున్న రోజు పైడిరాజు వాటిని గదిలో మంచం మీద పరిచి చూసుకున్నాడు. ముందు సంతోషించాడు. తీసింది తానేనా అన్నంత బాగున్నాయి మనుషుల మొహాలు. కాసేపటికి ఒళ్ళు చల్లబడింది. విడివిడిగా తీసినప్పుడు తెలియలేదు. అన్నీ ఒక్కచోట పరిస్తే, ఆ పెళ్ళిలో అందరూ దేవతల్లా ఉన్నారు, పెళ్ళికొడుకు ఒక్కడే బుద్ధిమాంద్యం ఉన్నవాడిలా ఉన్నాడు. రీలు పాడైపోయిందని చెప్పేద్దామా అనుకున్నాడు. అగ్గిపుల్ల గీద్దామా అనుకున్నాడు. అవేం చెయ్యకముందే జోగారావు గుమ్మంలో సైకిలు గంట కొట్టాడు. "మా అమ్మ ప్రాణం తీసేస్తంది, తేరా," అంటూ వీణ్ణీ, ఫొటోల్నీ కలిపి లాక్కుపోయాడు.

కొత్త కాపురం ఒక అద్దె వాటాలో. కుసుమ మంచినీళ్ళు ఇచ్చి నవ్వుతూ పలకరించింది. "రండి అన్నయ్యగారూ. పరీక్ష మాట మీదేనట కదా. పెళ్ళిచూపుల మర్నాడే మా నాన్నగారికి రాసిన ఉత్తరంలో చెప్పేశారు మీ స్నేహితుడు. అరువు తెచ్చుకున్న మాట అని."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఇన్నాళ్ళూ వాడి మీద మోపిన ఒక్క దొంగతనమూ దొంగతనం కాకుండా పోయింది. దొంగతనం చేసి ఒప్పుకున్న మంచితనం కూడా వాడికే దక్కిందా అని పైడిరాజుకి మళ్ళీ కడుపు మండింది. ఆ మంట చూసుకుని వాడికే అసహ్యం వేసింది.

ఫొటోలు చేతులు మారాయి. జోగారావు తల్లి తన ఫొటో చూసుకుని, "నాయినా, నన్నింత బాగా ఎవరూ చూడలేదురా," అని కళ్ళొత్తుకుంది. జోగారావు తన ఫొటోలు ఒక్కోటీ చూసి ఒకటే నవ్వు. "నేనేటి, నిద్రలో పెళ్ళి చేసుకున్నట్టున్నాను! పాపం పైడిగాడు, ఇలాటి మొహం ఇచ్చి వాణ్ణి ఫొటోలు తియ్యమన్నాను." ఆ నవ్వులో ఎక్కడా అనుమానం లేదు. దులిపేసే ఒక్క మాటన్నా బాగుండును అనుకున్నాడు పైడిరాజు. అంతలో వాటా అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు పిలిస్తే జోగారావు బయటికి వెళ్ళాడు. తల్లి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

కుసుమ ఫొటోలు మళ్ళీ మొదటినుంచి ఒక్కోటీ చూస్తూ వచ్చింది. తలెత్తకుండానే అడిగింది.

"ఒక్కసారైనా, పొరపాటున, బాగుండాలి కదా అన్నయ్యగారూ?"

పైడిరాజు నోరు తెరిచాడు. ఫ్లాషు, ఎర్రదీపం, పొగ, పంతులు గారి మోచెయ్యి, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. ఏదీ బయటికి రాలేదు. ఆమె గొంతులో కోపం ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేవాడు. కోపం లేదు. తన పెళ్ళిరోజు మొగుడు ఎలా ఉన్నాడో ఇక ఎన్నడూ చూసుకోలేనని తెలిసిన మనిషి గొంతు అది. వాడికి అక్కడ కూర్చోవడం చాతకాలేదు, లేచి వెళ్ళడమూ చాతకాలేదు.

కుసుమ చేతిలో ఆఖరి ఫొటో మిగిలింది. చెడిపోయినదని పైడిరాజు అడుగున పడేసింది అది, ఇందాక ఎవరూ చూడలేదు. ఫ్లాషు లేక కాస్త చీకటిగా ఉంది, ఒక పక్కకి ఒరిగిపోయింది. మధ్యలో గీతలాగా తెర. ఈ పక్క కుసుమ. ఆ పక్క జోగారావు, బెల్లం కారిన చెయ్యి ముందుకి చాపి, కళ్ళు పైకెత్తి. భయపడుతూ, చిన్నపిల్లాడిలా, ఎవరినో నమ్ముకుని చూస్తున్న కళ్ళు. పైమూల తెర కొసని బిగించి పట్టుకున్న ఒక పిడికిలి.

ఆమె చాలాసేపు చూసింది.

"ఇదెవరు తీశారు?"

"నేనేనమ్మా."

"మీరేనా?" అని వాడి మొహంలోకి మొదటిసారి తిన్నగా చూసింది.

"తెర పట్టుకుని ఉన్నాను. ఒక చెయ్యే ఖాళీ," అన్నాడు పైడిరాజు.

జోగారావు వచ్చాక ఆమె ఆ ఫొటో ఇచ్చి, ఇది పెద్దది చేయించి గోడకి పెడదాం అంది.

"ఇదేటి, వంకర్లు తిరిగిపోయింది. పైగా పైడిగాడి పిడికిలి అడ్డొచ్చీసింది," అన్నాడు జోగారావు.

"ఉండనీండి," అంది కుసుమ. "అది లేకపోతే తెర కింద పడిపోయేది."

మిగిలినవన్నీ పెట్టెలోకి వెళ్ళాయి. ఆ ఒక్కటీ గోడ మీద ఉంది. కుసుమ మొగుడికి ఏమైనా చెప్పిందో లేదో పైడిరాజుకి ఇప్పటికీ తెలియదు.

మేష్టారు అక్కడ ఆపారు. ఒళ్ళో బట్టలన్నీ అయిపోయి ఒక దుప్పటి మిగిలింది. దాన్ని విప్పి ఒక కొస ఉమాపతి చేతికిచ్చారు.

ఉమాపతి కొస పట్టుకుని అడిగాడు. "మరి ఆ పైడిరాజుకి అసూయ పోయిందాండీ?"

"అది నేనడగలేదు. తరవాత వాళ్ళ పిల్ల బారసాలకి పందిరి రాట పాతడానికి వెళ్ళాడని విన్నాను."

"ఫొటోలు ఎవరు తీశారు?"

"అదీ అడగలేదు."

దుప్పటి మడత మీద మడత పడి ఇద్దరూ దగ్గరికి వచ్చారు. మేష్టారు ఉమాపతి చేతిలో కొస అందుకోబోయి ఆగారు.

"రేపు వాళ్ళింట్లో పందిరి ఎప్పుడు వేస్తారు?"

"తెల్లారుతూనే వేస్తారండి."

"అయితే పెందలాడే వెళ్ళు. ఏదో ఒక కొస పట్టుకో."